నానో మందు నేరుగా గడ్డ దగ్గరికే వెళ్తుందా? మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా ఒకే మాట చుట్టూ తిరుగుతున్నాయి: నానో. ఇంట్లో ఎవరికో క్యాన్సర్, డాక్టరు గారు నానో ఇంజెక్షన్ అన్నారు, లేదా ఎదురింటాయన ఫోన్‌లో ఏదో వీడియో చూపించాడు. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఊళ్లు మాత్రమే ఇస్తున్నాను. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను, నేను డాక్టర్ని కాదు, ఫార్మకాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. మందు ఒంట్లో ఏం చేస్తుందో చెప్పగలను, మీవాళ్లకి ఏది ఎక్కించాలో మాత్రం వాళ్లని చూస్తున్న డాక్టరే చెప్పాలి.

ప్రశ్న (తణుకు నుంచి ఒక పాఠకురాలు): మా మరదలికి రొమ్ము క్యాన్సర్. పాక్లిటాక్సెల్ అనే మందు మామూలుది ఒకటి, నానోది ఒకటి ఉంటుందనీ, నానోది ఖరీదు బాగా ఎక్కువనీ ఆసుపత్రిలో చెప్పారు. నానోది గడ్డ దగ్గరికే వెళ్తుంది, మిగతా ఒంటిని ముట్టుకోదు అని మా తమ్ముడు ఎక్కడో విన్నాడు. పొలం మీద అప్పు తెచ్చైనా అదే వేయిద్దామంటున్నాడు. మీరేమంటారు?

జవాబు: అమ్మా, పొలం కాగితాలు బయటికి తీసే ముందు ఇది మీ తమ్ముడికి ఒకసారి చదివి వినిపించండి.

పాక్లిటాక్సెల్ మొదట పసిఫిక్ యూ అనే చెట్టు బెరడులో దొరికింది. మంచి మందే, కానీ దానికో జబ్బుంది, నీళ్లలో కరగదు. కరగనిదాన్ని నరంలోకి ఎలా ఎక్కిస్తారు? అందుకని క్రిమోఫోర్ అనే జిడ్డు ద్రావకంలో, కొంత ఆల్కహాల్ చేర్చి కరిగించారు. ఈ క్రిమోఫోర్ దేంతో చేస్తారో తెలుసా, ఆముదంతో. మన ఆముదమే, రసాయనికంగా మార్చి నీళ్లలో కలిసేలా చేస్తారు. 1992లో అమెరికాలో అనుమతి వచ్చింది ఈ రూపానికే, ఇప్పటికీ మన దగ్గర ఎక్కువమందికి ఎక్కించేదీ ఇదే.

చిక్కంతా ఆ ద్రావకంతో వచ్చింది. కొంతమందికి అది పడదు. మా పెద్దమ్మకి మొదటిసారి ఎక్కించిన రోజు నేను పక్కనే ఉన్నాను, డ్రిప్ మొదలై పది నిమిషాలు కాలేదు, ముఖం కందిపోయింది, ఛాతీ పట్టేసినట్టుందని అంది, నర్సమ్మ పరుగున వచ్చి డ్రిప్ ఆపేసింది. తర్వాత మందులిచ్చి మెల్లగా మళ్లీ ఎక్కించారు, బాగానే పూర్తయింది. ఇంటికొచ్చాక అందరూ "క్యాన్సర్ మందు పడలేదు" అనే చెప్పుకున్నారు, కానీ ఇలాంటప్పుడు చాలాసార్లు నేరం మందుది కాదు, మందుని మోసుకొచ్చిన నూనెది. అందుకే ఈ మందుకి ముందు స్టెరాయిడ్, అలర్జీ రాకుండా ఇంకో ఇంజెక్షన్ ఇస్తారు. మూడు వారాలకోసారి ఇచ్చే డోసైతే డ్రిప్ మూడు గంటలు నడుస్తుంది.

నానోది అని మీకు చెప్పింది చాలావరకు నాబ్-పాక్లిటాక్సెల్ అయ్యుంటుంది. ఇందులో నూనె ఉండదు. మన రక్తంలో మామూలుగానే ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌తో మందుని చుట్టి, సుమారు 130 నానోమీటర్ల ఉండలుగా చేస్తారు. అది ఎంత చిన్నదంటే ఒక ఎర్ర రక్తకణం అడ్డంగా యాభై ఉండలకు పైనే పడతాయి. 2005లో అమెరికాలో అనుమతి పొందింది. అరగంటలో ఎక్కించేయొచ్చు, ముందస్తు స్టెరాయిడ్ సాధారణంగా అక్కర్లేదు. మీ మరదలికి షుగర్ ఉంటే ఈ ఒక్క లాభమే చాలా పెద్దది, స్టెరాయిడ్ పడినప్పుడల్లా షుగర్ ఎలా ఎగిరిపోతుందో అనుభవించినవాళ్లకే తెలుసు.

ఇక "గడ్డ దగ్గరికే వెళ్తుంది" అన్న మాట. ఆ ఉండలు రక్తంలో దిగీ దిగగానే చాలావరకు విడిపోతాయి, మందు ఆల్బుమిన్‌ని పట్టుకుని ఒళ్లంతా తిరుగుతుంది. గడ్డకి చేరుతుంది, కానీ గడ్డకి మాత్రమే కాదు. జుట్టు రాలుతుంది. తెల్లకణాలు పడిపోతాయి. కాళ్లూ చేతులూ తిమ్మిర్లు ఎక్కుతాయి.

పనితనం సంగతికొస్తే, అనుమతి తెచ్చిపెట్టిన పెద్ద పరీక్షలో, అంటే ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లలో, నానోది తీసుకున్న నూటికి 33 మందికి గడ్డ తగ్గితే పాతది తీసుకున్నవాళ్లలో 19 మందికి తగ్గింది. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఒంటి ఉపరితలం కొలత లెక్కన, నానోది చదరపు మీటరుకి 260 మిల్లీగ్రాములు ఇచ్చారు, పాతది 175. నూనె లేదు కాబట్టే ఎక్కువ డోసు తట్టుకున్నారు. తీవ్రమైన తిమ్మిర్లు మాత్రం నానోది తీసుకున్నవాళ్లలోనే ఎక్కువ, నూటికి పదిమందికి, అవతల ఇద్దరికి, అయితే త్వరగానే తగ్గాయి. తర్వాత పాత మందుని వారం వారం ఇచ్చి పోల్చినప్పుడు లెక్క మారింది. 2015లో వచ్చిన అమెరికా పరీక్షలో నానోది మెరుగని తేలలేదు, ఇబ్బందులు ఎక్కువయ్యాయి. 2016లో జర్మనీ పరీక్షలో, ఆపరేషన్‌కి ముందు ఇచ్చినప్పుడు, గడ్డ పూర్తిగా మాయమైనవాళ్లు నానో వైపు నూటికి 38, పాతదాని వైపు 29.

అంటే ఎవరికి, ఏ దశలో, ఏ లెక్కన ఇస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. డాక్టరు గారిని ఇలా అడగండి: "ఈవిడ విషయంలో నానోదే ఎందుకు? పాతది వారం వారం ఇస్తే నష్టమేంటి?" అలర్జీ వచ్చింది, షుగర్ ఉంది, ఆపరేషన్‌కి ముందు ఇస్తున్నాం అని కారణం చెబితే ఖర్చుకి అర్థం ఉంది. "కొత్తది కదా" అని మాత్రమే అంటే, నేనైతే పొలం అమ్మను. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఏ మందు వస్తుందో ఆరోగ్యమిత్రని అడిగి తెలుసుకోండి. రెంటికీ డోసులు వేరు, బిల్లు చూసి మధ్యలో ఇటునుంచి అటు మార్చుకునే వస్తువులు కావివి.

ప్రశ్న (వరంగల్ నుంచి బీఫార్మసీ విద్యార్థి): సర్, ఈపీఆర్ ఎఫెక్ట్ వల్ల నానో కణాలు గడ్డలో పేరుకుంటాయని మా క్లాసులో చెప్పారు. ఒక వీడియోలో అదంతా అబద్ధం, ఎలుకల్లో తప్ప మనుషుల్లో లేదు అన్నారు. ఏది రాయాలి? నా ప్రాజెక్టు కూడా దీని మీదే, ఇప్పుడు టెన్షన్‌గా ఉంది.

జవాబు: బాబూ, ఇద్దరూ చెరి సగం చెప్పారు. నేను కూడా ఏళ్ల తరబడి బోర్డు మీద అదే బొమ్మ గీశాను. ఒక పక్క మామూలు రక్తనాళం, గోడ గట్టిగా ఇటుకలు పేర్చినట్టు, ఇంకో పక్క గడ్డలోని రక్తనాళం, జల్లెడలా కన్నాలు, ఆ కన్నాల్లోంచి నానో కణాలు బిలబిలమని లోపలికి. పిల్లలు దించుకునేవాళ్లు, పరీక్షలో పది మార్కులు పడేవి. ఆ బొమ్మ అంత నున్నగా ఉండకూడదని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఈ కథ జపాన్‌లో కుమమోటో విశ్వవిద్యాలయంలో మొదలైంది. అక్కడ హిరోషి మయేదా నియోకార్జినోస్టాటిన్ అనే చిన్న ప్రోటీన్ మందు మీద పనిచేస్తుండేవారు. అది క్యాన్సర్ కణాన్ని చంపుతుంది, కానీ మరీ చిన్నది, ఇలా ఎక్కిస్తే అలా కిడ్నీల్లోంచి బయటికి పోతుంది. దానికి స్టైరీన్-మలేయిక్ ఆసిడ్ అనే పాలిమర్ గొలుసులు తగిలించారు. ఆ జంటకి స్మాంక్స్ అని పేరు. ఇది గడ్డలో ఎందుకు ఎక్కువగా ఉండిపోతోందో తెలుసుకోవాలని మయేదా, యసుహిరో మత్సుమురా రకరకాల సైజుల ప్రోటీన్లని గడ్డలున్న ఎలుకలకి ఎక్కించి చూశారు. ఆల్బుమిన్‌కి అతుక్కునే ఒక నీలం రంగు కూడా ఎక్కించారు. గడ్డ నీలంగా మారింది, అలాగే ఉండిపోయింది. 1986లో ఆ పేపరు వచ్చింది.

వాళ్లు చెప్పిన కారణం రెండు ముక్కలు. గడ్డ హడావుడిగా పెరుగుతుంది కాబట్టి దాని రక్తనాళాల గోడలు సరిగా అతకవు, పెద్ద అణువులు కూడా బయటికి దిగుతాయి. రెండోది, అక్కడ లింఫు నాళాలు సరిగా పనిచేయవు, దిగింది దిగినట్టే ఉండిపోతుంది. మురుగు కాలువ లేని వీధిలో వాననీళ్లు చూశారుగా, వచ్చే దారి ఉంటుంది, పోయే దారి ఉండదు. ఎక్కువగా దిగడం, దిగింది నిలవడం, ఈపీఆర్ అంటే అంతే.

స్మాంక్స్‌కి 1993లో జపాన్‌లో లివర్ క్యాన్సర్‌కి అనుమతి వచ్చింది. క్లాసులో చాలామంది వదిలేసే ముక్క ఒకటుంది: దాన్ని లిపియోడాల్ అనే నూనెలో కలిపి, సన్నని ట్యూబుతో సరాసరి లివర్‌కి వెళ్లే ధమనిలోకి ఎక్కించేవారు. అంటే గడ్డ దాకా వెళ్లింది పాలిమర్ గొప్పతనం ఒక్కటే కాదు, ట్యూబు కూడా దగ్గరదాకా తీసుకెళ్లి దింపింది!

ఇక ఎలుకల గొడవ. 20 గ్రాముల ఎలుకలో రెండు మూడు వారాల్లో ఒక గ్రాము గడ్డ పెంచుతారు. ఆ లెక్కన 60 కిలోల మనిషికి మూడు కిలోల గడ్డ, అదీ నెల తిరక్కుండా. అంత దూకుడుగా పెరిగినదాని రక్తనాళాలు కన్నాలు పడి ఉండడంలో ఆశ్చర్యమేముంది? మనిషి గడ్డ ఏళ్ల తరబడి పెరిగి ఉంటుంది, చుట్టూ గట్టి పీచు కట్టి ఉంటుంది, లోపల ద్రవం ఒత్తిడి పెరిగి బయటి నుంచి వచ్చేదాన్ని వెనక్కి తోస్తుంది. ఈ ఒత్తిడి సంగతిని అమెరికాలో రాకేశ్ జైన్ బృందం దశాబ్దాలుగా చెబుతూనే ఉంది.

అలాగని మనుషుల్లో అసలు లేదనడం కూడా తప్పే. 2001లో లండన్‌లో 17 మంది రోగులకి రేడియో ధార్మిక గుర్తు పెట్టిన లైపోసోములు, అంటే అతిచిన్న కొవ్వు బుడగలు, ఎక్కించి స్కాన్ తీశారు. తల, మెడ క్యాన్సర్లలో బాగా చేరాయి, రొమ్ము క్యాన్సర్లలో తక్కువ. ఒకే రకం క్యాన్సర్‌లో కూడా మనిషికీ మనిషికీ తేడా. కాబట్టి అడగాల్సింది "ఎవరిలో, ఎంత" అని.

ఎంత అన్నదానికి 2016లో టొరంటోలో వారెన్ చాన్ బృందం ఒక లెక్క తీసింది. పదేళ్ల పేపర్లు పోగేసి చూస్తే, ఎక్కించిన కణాల్లో గడ్డకి చేరేది, ఎలుకల్లోనే సుమా, మధ్యస్థంగా 0.7 శాతం. వెయ్యి పంపితే ఏడు. మిగిలినవాటిలో పెద్ద వాటా లివర్, ప్లీహం మింగేస్తాయి, బయటి పదార్థాన్ని పట్టుకోవడమే అక్కడి కణాల ఉద్యోగం. ఈ లెక్క కట్టిన పద్ధతి మీద వాదనలున్నాయి, మామూలు మందు మాత్రం గడ్డలోకి ఏం ఒలికిపోతోందని అడిగినవాళ్లూ ఉన్నారు, అది న్యాయమైన ప్రశ్నే. అదే బృందం 2020లో ఇంకో బాంబు పేల్చింది: తాము చూసిన ఎలుక గడ్డల్లో 97 శాతం దాకా కణాలు కన్నాల్లోంచి జారడం లేదు, రక్తనాళం గోడలోని కణాలే వాటిని పనిగట్టుకుని లోపలికి చేరవేస్తున్నాయి అని. నా బోర్డు బొమ్మ ఆ రోజుతో చెరిగిపోయింది.

నాకు అన్నిటికంటే మనసుకి పట్టిన ముక్క ఇది. ఆ మత్సుమురా గారే తర్వాత ఎన్‌కే105 అనే మందు వెనక నిలబడ్డారు. పాక్లిటాక్సెల్‌ని పాలిమర్ మైసెల్‌లో పెట్టారు. మైసెల్ అంటే పాలిమర్ గొలుసులు చక్కగా ఉండ చుట్టుకుని, నీళ్లంటే పడని తోకలు లోపలికీ, నీళ్లతో కలిసే తలలు బయటికీ పెట్టిన బుడగ లాంటిది, సబ్బు నీళ్లలో జరిగేదీ ఇలాంటిదే. జపాన్, కొరియా లాంటి చోట్ల మూడో దశ పరీక్ష జరిగింది. జబ్బు ముదరకుండా ఆగిన కాలం మైసెల్‌కి 8.4 నెలలు, మామూలు పాక్లిటాక్సెల్‌కి 8.5. దాదాపు సమానమే, అయినా "తక్కువ కాదు" అని గణాంకపరంగా రుజువు కాలేదు కాబట్టి పరీక్ష తప్పింది. తీవ్రమైన తిమ్మిర్లు మాత్రం 7.5 శాతం నుంచి 1.4 శాతానికి పడిపోయాయి. గడ్డని ఇంకా గట్టిగా కొడుతుందనుకున్న మందు నరాలని కాపాడింది. పుస్తకాలు అమ్మేది మొదటి మాటని, మందు నిలబెట్టుకున్నది రెండోదాన్ని.

పరీక్షలో ఈపీఆర్ నిర్వచనం రాసి, కింద "మనుషుల్లో ఇది మనిషిని బట్టి, గడ్డని బట్టి మారుతుంది" అని ఒక్క వాక్యం చేర్చండి, మార్కులేం పోవు. ప్రాజెక్టు మానక్కర్లేదు. గడ్డలో ఎంత చేరిందో కొలిచేటప్పుడు లివర్‌లో, ప్లీహంలో, కిడ్నీలో ఎంత చేరిందో కూడా కొలిచి అదే పట్టికలో పెట్టండి. మంచి గ్రాఫు ఒక్కటే చూపించి మిగతావి దాచిన ప్రాజెక్టులు నేను చాలా దిద్దాను.

ప్రశ్న (కరీంనగర్): పాలిమర్ అంటే ప్లాస్టిక్కే కదా? ప్లాస్టిక్ కవర్లో వేడి చాయ్ పోయొద్దంటారు, రక్తంలోకి మాత్రం ఎక్కిస్తారా?

జవాబు: మంచి దెబ్బే వేశారు. కానీ పాలిమర్ అంటే ఒకేలాంటి చిన్న ముక్కలు గొలుసుగా అతికిన పొడుగు అణువు, అంతే. పత్తిలోని సెల్యులోజ్ పాలిమరే, మీరు పొద్దున తిన్న ఇడ్లీలోని పిండి పదార్థం పాలిమరే. కవరు పాలిథీన్ ఒంట్లో కరగదు. మందుల్లో వాడేవి వేరు జాతి.

ఆపరేషన్ తర్వాత "కుట్లు విప్పక్కర్లేదు, అవే కరిగిపోతాయి" అంటారు చూడండి, ఆ దారాల్లో ఒక రకం చేసేది పీఎల్‌జీఏ కుటుంబపు పాలిమర్‌తోనే. ఒంట్లోని తేమకి ఆ గొలుసు తెగి లాక్టిక్ ఆసిడ్, గ్లైకాలిక్ ఆసిడ్‌గా విడిపోతుంది. లాక్టిక్ ఆసిడ్ అంటే పెరుగుకి పులుపునిచ్చేదే. పీఎల్‌జీఏ ఉండల్లో మందు కూరితే, గొలుసు తెగే కొద్దీ మందు మెల్లమెల్లగా బయటికొస్తుంది.

ఇంకొకటి పెగ్, అంటే పాలీఇథిలీన్ గ్లైకాల్. కొలనోస్కోపీకి ముందు లీటర్ల కొద్దీ తాగించే పొడి గుర్తుందా, అందులో ఉండేది ఇదే. దీన్ని నానో కణం మీద గడ్డి మొలిచినట్టు అంటిస్తే చుట్టూ నీటి పొర పట్టి, లివర్‌లోని కాపలా కణాలు త్వరగా గుర్తుపట్టవు. పెగ్ ఒంట్లో ముక్కలవదు, అందుకే కిడ్నీలోంచి పోగలిగేంత సైజులో ఉండేలా చూస్తారు. ఇది పూర్తిగా అమాయకురాలు కూడా కాదు, కొందరి ఒంట్లో పెగ్ మీద యాంటీబాడీలు తయారవుతాయి, అప్పుడు రెండోసారి ఎక్కించిన మందు త్వరగా మాయమవడమో, రియాక్షన్ రావడమో జరగొచ్చు. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌లో వాడే పెగ్-ఆస్పరాజినేజ్‌తో డాక్టర్లు దీన్ని కనిపెట్టుకునే ఉంటారు. అదీ పాలిమర్ తగిలించిన మందే, 1994లో అమెరికాలో అనుమతి వచ్చింది, పెగ్ వల్ల ఇంజెక్షన్లు చాలా తగ్గాయి, పిల్లలకి అంతకంటే ఏం కావాలి.

ప్రశ్న (విజయనగరం): అమ్మకి అండాశయ క్యాన్సర్. లైపోసోమల్ డాక్సోరుబిసిన్ రెండు సార్లు ఎక్కించారు. గుండెకి మంచిదని చెప్పారు. ఇప్పుడు అరచేతులు, అరికాళ్లు ఎర్రగా అయి మంటలు, తోలు లేస్తోంది. చల్లగా ఉంటుందని గోరింటాకు పెట్టమంటున్నారు చుట్టాలు. పెట్టొచ్చా?

జవాబు: పెట్టకండి. తోలు లేచిన చోట ఏ ఆకూ, ఏ పసరూ వద్దు, బజారు కోన్‌లు అసలే వద్దు, వాటిలో కలిపే రంగు రసాయనాలతో మంచి చర్మమే పొక్కుతుంది. మూడోసారి ఎక్కించే రోజు దాకా ఆగకుండా ఇవాళే డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పండి. ఇది ఈ మందుకి తెలిసిన ఇబ్బందే, సమయానికి చెబితే డోసు తగ్గిస్తారు లేదా మధ్య గడువు పెంచుతారు. "చెబితే మందు ఆపేస్తారేమో" అని దాచేవాళ్లు చాలామంది, అలా దాచి నడవలేని దాకా తెచ్చుకుంటారు.

ఎందుకొచ్చిందంటే, డాక్సోరుబిసిన్, ఆ ఎర్రమందు, మామూలుగా ఇస్తే నిమిషాల్లో రక్తంలోంచి కణాల్లోకి చెదిరిపోతుంది, గుండె కండరంలో కూడా దిగుతుంది, మొత్తం డోసు ఒక హద్దు దాటితే గుండె బలహీనపడుతుంది. జెరూసలేంలో బారెన్‌హోల్జ్, గబిజోన్‌ల బృందం దాన్ని కొవ్వు బుడగలో పెట్టి, బుడగ మీద పెగ్ పాలిమర్ తొడిగారు. డాక్సిల్ పేరుతో 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది, నానో మందుల్లో తొలి తరం అదే. బుడగ రెండు రోజులకు పైగా రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. గుండె రక్తనాళాల గోడ గట్టిది కాబట్టి అక్కడ అంతగా దిగదు. 2004లో వచ్చిన రొమ్ము క్యాన్సర్ పరీక్షలో మామూలు డాక్సోరుబిసిన్‌తో దాదాపు సమానంగా పనిచేసి, గుండెకి దెబ్బ మాత్రం బాగా తగ్గించింది. కానీ అన్ని గంటలు తిరిగేది ఎక్కడో ఒకచోట దిగాలిగా, ఒత్తిడి, రాపిడి పడే అరచేతుల్లో, అరికాళ్లలో దిగుతుంది. గుండె మీద పడాల్సింది చేతుల మీద పడింది.

అమ్మని కొన్నాళ్లు వేడినీళ్లతో గిన్నెలు తోమనివ్వకండి, రోకలి, చపాతీ కర్ర లాంటివి పట్టనివ్వకండి. వదులు చెప్పులు, చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ, డాక్టరు చెప్పిన మాయిశ్చరైజర్. గోరింటాకు ఆషాఢానికి పెట్టుకోవచ్చు, చర్మం మానాక, డాక్టరు సరేనంటే.

ప్రశ్న (హైదరాబాద్, సాఫ్ట్‌వేర్): ఐపీ అడ్రస్ ఇచ్చినట్టు కణం మీద గడ్డ అడ్రస్ రాసేస్తే సరిపోదా? ఇంత సైన్సు ఉండి అది ఎందుకు చేయరు?

జవాబు: చేశారు. అమెరికాలో రాబర్ట్ లాంగర్, ఒమిద్ ఫరోఖ్‌జాద్‌ల ఆలోచనతో పుట్టిన బైండ్ అనే కంపెనీ, డోసిటాక్సెల్ అనే కీమో మందుని పాలిమర్ ఉండలో పెట్టి, ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద ఉండే ఒక ప్రోటీన్‌ని పట్టుకునే కొక్కెం తగిలించింది. ఎంత ఆశ పెట్టుకున్నారో చెప్పలేను. మనుషుల పరీక్షల్లో అనుకున్నంత రాలేదు, 2016లో కంపెనీ దివాలా తీసింది.

మీ పోలికలోనే చిక్కుంది. ప్యాకెట్‌ని రౌటర్లు దారి చూపించి పంపుతాయి. రక్తంలో రౌటర్లు లేవు. కణం గుండె కొట్టినట్టల్లా ఎటు తోస్తే అటు పోతుంది, కొక్కెం పనికొచ్చేది అది గడ్డలో దిగి, క్యాన్సర్ కణానికి తగిలినప్పుడే. ఇంటి నంబరు ఎంత చక్కగా రాసుకున్నా బస్సు ఆ ఊళ్లో ఆగాలి కదండీ. పైగా రక్తంలో దిగగానే కణం ఒంటినిండా ప్రోటీన్లు అతుక్కుంటాయి, కొక్కెం వాటి కింద కప్పబడిపోతుంది.

అడ్రస్‌లలో ఒకటి మాత్రం తెలుగువాళ్లకి దగ్గరిది. కొన్ని క్యాన్సర్లు, ముఖ్యంగా చాలా అండాశయ క్యాన్సర్లు, ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్‌ని పట్టుకునే రిసెప్టర్లని ఒంటినిండా పెంచుకుంటాయి. అందుకని ఫోలిక్ ఆసిడ్ ముక్కని పాలిమర్ కణాలకి అంటించి ఎర వేయడం ప్రయోగశాలల్లో మామూలు. ఆ ఫోలిక్ ఆసిడ్‌ని లెడర్లీ కంపెనీలో 1945లో తయారుచేసిన బృందం మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారిదే. దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్ కూడా అక్కడిదే, 1948లో సిడ్నీ ఫార్బర్ అనే అమెరికా డాక్టరు పిల్లల ల్యుకీమియాలో, అంటే బ్లడ్ క్యాన్సర్‌లో, వాడి తాత్కాలికంగానైనా జబ్బుని తగ్గించారు. ఫోలేట్ రిసెప్టర్‌ని గురిపెట్టిన మందు 2022లో అమెరికాలో అనుమతి పొందింది కూడా, కానీ అది పాలిమర్ కణం కాదు, మందు తగిలించిన యాంటీబాడీ. నా అంచనా అడిగితే, అడ్రస్ ఆటలో ప్రస్తుతానికి యాంటీబాడీలే గెలుస్తున్నాయి.

ప్రశ్న (డాలస్ నుంచి): నాన్నగారు గుంటూరులో ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నారు. ఇండియాలో తయారైన నానో మందులు నమ్మొచ్చా, ఇక్కణ్నుంచి పంపించమంటారా?

జవాబు: పంపించకండి, దారిలో చల్లదనం తప్పితే వీటిలో కొన్ని మందులు పాడవుతాయి, డాక్టర్లు ఎక్కించరు కూడా. మీరుండే దేశంలోనే డాక్సిల్ కరువొచ్చినప్పుడు, 2012లో, అక్కడి ప్రభుత్వం తాత్కాలికంగా తెప్పించుకున్నది ఇండియాలో సన్ ఫార్మా చేసిన లిపోడాక్స్‌ని. మరుసటి ఏడాది ఆ కంపెనీ జెనరిక్‌కి అనుమతి కూడా ఇచ్చారు. 2007లోనే డాబర్ ఫార్మా నానోక్సెల్ అనే పాలిమర్ నానో పాక్లిటాక్సెల్‌ని ఇక్కడ అమ్మకానికి తెచ్చింది. కాబట్టి దేశం చూసి భయపడక్కర్లేదు. అయితే ఈ మందుల్లో బ్రాండుకీ బ్రాండుకీ కణం తయారీ తేడా ఉండొచ్చు, మధ్యలో బ్రాండు మారిస్తే డాక్టరు గారికి తెలిసే మార్చారా అని కనుక్కోండి. బిల్లూ, సీసా మీది బ్యాచ్ నంబరూ ఫొటో తీసి ఉంచమని ఇంట్లో చెప్పండి.

ప్రశ్న (అనంతపురం): ఆన్‌లైన్‌లో నానో కర్కుమిన్ చుక్కలు అమ్ముతున్నారు, పసుపే కదా, కీమోతో పాటు వేసుకుంటే నష్టమేముంది?

జవాబు: కూరలో పసుపు వేసుకోండి, ఎవరూ కాదనరు. కర్కుమిన్ మామూలుగా తింటే రక్తంలోకి చాలా తక్కువ వెళ్తుంది, నానో చేసేది ఎక్కువ వెళ్లడానికే, అంటే "పసుపే కదా" అన్న ధీమా అక్కడే పోయింది. గాఢంగా చేసిన పసుపు సప్లిమెంట్లతో, ముఖ్యంగా మిరియాల సారం కలిపినవాటితో, లివర్ దెబ్బతిన్న కేసులు అమెరికాలో, ఇటలీలో నమోదయ్యాయి. కీమో మందుల్లో చాలావాటిని విరిచి బయటికి పంపేది ఆ లివరే. ఇప్పటికే వేసుకుంటుంటే సీసా పట్టుకెళ్లి డాక్టరు గారికి చూపించండి, తిడతారని దాచొద్దు. ఆ సీసా మీద "నానో" అని రాసినంత మాత్రాన పై మందుల్లా మనుషుల మీద పరీక్షలు దాటి వచ్చిందని కాదు, సబ్బు మీద కూడా రాసేస్తున్నారు ఈమధ్య.